రోబో అన్నది మూడో ప్రశ్న

తెనాలి నుంచి ఒక కుటుంబం హైదరాబాద్ వచ్చిందనుకుందాం. ఎనిమిది నెలల బాబు, వాడి అమ్మానాన్న, తోడుగా నాయనమ్మ. బాబు కడుపులో ఉండగానే, ఐదో నెల టిఫా స్కాన్‌లో ఎడమ కిడ్నీలో నీరు చేరిందన్నారు. పుట్టాక మరో మూడు స్కాన్లయ్యాయి. ఇప్పుడు ఆపరేషన్ చేయాలన్నారు. డాక్టరుగారి గదిలోంచి బయటికొచ్చీ రాగానే నాన్న ఫోన్ తీశాడు. రెండు నిమిషాల్లో వీడియో దొరికింది. పెద్ద పెద్ద యంత్రపు చేతులు, చీకటి గదిలో నీలం వెలుతురు, ద్రాక్షపండు తొక్క ఒలిచి మళ్లీ కుట్టేస్తున్న ఉక్కు వేళ్లు. "ఎంతైనా సరే, మనవాడికి ఇదే చేయిద్దాం" అన్నాడు.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "పసిగుడ్డుని తీసుకెళ్లి మిషనుకి అప్పజెప్తారంట్రా? మధ్యలో కరెంటు పోతే?"

ఈ కుటుంబం కల్పితం. మాటలు మాత్రం కాదు. పిల్లల సర్జరీ ఓపీ బయట బెంచీ మీద ఓ పూట కూచుంటే కాస్త అటూ ఇటుగా ఇవే వినబడతాయి. నాన్న ఆశ, నాయనమ్మ భయం ఎదురెదురుగా నిలబడ్డట్టు కనిపిస్తాయి గానీ ఇద్దరూ బయల్దేరింది ఒకే చోటి నుంచి. ఇద్దరి కళ్లూ యంత్రం మీదే ఉన్నాయి. బాబు కిడ్నీ ఎలా ఉందో, కోత పెట్టే చెయ్యి ఎవరిదో ఇంకా ఎవరూ అడగలేదు. పిల్లల ఆపరేషన్ విషయంలో పెద్దవాళ్లు పడే తికమకలో సగం ఇక్కడే పుడుతుంది. ప్రశ్నలన్నీ మంచివే, వరుస తప్పుతుంది.

నాయనమ్మ ప్రశ్నకి జవాబు తేలిక కాబట్టి ముందు అది చెప్పేసుకోవచ్చు. ఆపరేషన్ థియేటర్‌కి జనరేటరూ యూపీఎస్సూ ఉంటాయి, యంత్రానికి సొంత బ్యాటరీ ఉంటుంది. అదీ ఇదీ మొరాయిస్తే పరికరాల్ని బయటికి తీసేసి సర్జన్ తన చేతులతో పని పూర్తి చేస్తారు. అసలు దాన్ని రోబో అనడమే కొంచెం ఎక్కువ. అది సొంతంగా ఏమీ చేయదు. సర్జన్ అదే గదిలో నాలుగడుగుల అవతల కన్సోల్ ముందు కూచుని, రెండు కళ్లూ దానికి ఆనించి, వేళ్లకి తొడుక్కున్న పట్టీలు కదిపితే కడుపులో ఉన్న పరికరాలు అలాగే కదులుతాయి. చేతులు తీస్తే ఆగిపోతాయి. పిల్లాడి పక్కన అసిస్టెంట్ సర్జన్, నర్సు, తల దగ్గర మత్తు డాక్టరు నిలబడే ఉంటారు. కుట్టుమిషను తనంతట తాను జాకెట్టు కుట్టదు కదా, ఇదీ అంతే.

లోకమంతా ఎక్కువగా వాడుతున్న యంత్రం పేరు డావిన్చి. తయారు చేసేది కాలిఫోర్నియాలోని ఇంట్యూటివ్ సర్జికల్ కంపెనీ. అమెరికా ఎఫ్‌డీఏ దానికి 2000లో అనుమతినిచ్చింది. పిల్లల దగ్గరికి చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి తన్నకుండా ఒక పాపకి ఈ యంత్రంతో చేసిన ఆపరేషన్ గురించి 2001లోనే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టర్లు వైద్యపత్రికలో రాశారు. అమెరికాలో బోస్టన్ పిల్లల ఆస్పత్రి తొలిరోజుల్లోనే దీన్ని చేతికి తీసుకుంది. ఈ కథలో ఒక తెలుగు పేరు కూడా ఉంది. డెట్రాయిట్‌లో స్థిరపడిన వ్యాపారవేత్త రాజ్ వట్టికూటి ఇచ్చిన విరాళంతో 2001లో అక్కడి హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రిలో వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. కేరళ నుంచి వెళ్లిన డాక్టర్ మణి మేనన్ అక్కడే ప్రొస్టేట్ క్యాన్సర్‌కి రోబో ఆపరేషన్‌ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. అదంతా పెద్దల వైద్యం. యంత్రం పెరిగింది పెద్దల ఒంటి కొలతలతోనే. ఈ సంగతి గుర్తుంచుకుంటే ముందు రాబోయే చిక్కులు సగం అర్థమవుతాయి.

సరే, బాబు దగ్గరికి వద్దాం. కిడ్నీలో తయారైన మూత్రం ఒక గరాటు లాంటి సంచిలోకి చేరి, అక్కణ్నుంచి సన్నటి గొట్టంలోంచి మూత్రాశయానికి దిగుతుంది. గరాటూ గొట్టమూ కలిసే చోట ఇరుకుంటే మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. రిపోర్టులో హైడ్రోనెఫ్రోసిస్ అని రాస్తారు, జనం నోట కిడ్నీ వాపు. కడుపులో బిడ్డకి తీసే స్కాన్లలో వందకి ఒకటి నుంచి ఐదింటిలో ఎంతోకొంత వాపు కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం పుట్టాక నెలల్లోనో, ఏడాది రెండేళ్లలోనో దానంతటదే తగ్గిపోతుంది. నిజంగా ఆ జంక్షన్‌లో అడ్డు ఉండేది సుమారు వెయ్యి, పదిహేను వందల మంది పిల్లల్లో ఒకరికి. అందుకే మంచి పిల్లల సర్జన్ చాలాసార్లు కత్తి పట్టుకోకుండా స్కాన్లు చూస్తూ కూచుంటారు. ఆ కూచోవడం కూడా వైద్యమే. ఊళ్లో చుట్టాలకి మాత్రం అది డాక్టరు ఏమీ చేయడం లేదన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు?

దీనికి జవాబు అల్ట్రాసౌండ్‌లో సగమే ఉంటుంది. వాపు ఎంతుందో అది చెబుతుంది, కిడ్నీ ఎంత పని చేస్తోందో చెప్పదు. దానికి వేరే స్కాన్ ఉంది. చేతి నరంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, రెండు కిడ్నీలూ దాన్ని ఎంతెంత పీల్చుకుంటున్నాయి, ఎంత వేగంగా కిందికి వదులుతున్నాయి అని కెమెరాతో చూస్తారు. డీటీపీఏ, ఈసీ, మ్యాగ్-3 అని వాడే మందుని బట్టి పేర్లు మారతాయి. ఆరోగ్యంగా ఉంటే పని రెండు కిడ్నీల మధ్యా దాదాపు సగం సగం పంచుకుంటుంది. వాచిన కిడ్నీ వాటా 40 శాతం కంటే తగ్గినా, పాత స్కాన్‌తో పోలిస్తే 10 శాతం కంటే ఎక్కువ పడిపోయినా, వాపు పెరుగుతూ పోతున్నా, మాటిమాటికీ జ్వరంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తున్నా ఆపరేషన్ మాట వస్తుంది.

కాబట్టి నాన్న ఫోన్‌లో వెతకాల్సింది రోబో కాదు, గ్యాలరీలో ఉన్న పాత రిపోర్టు ఫొటో. పోయినసారి ఎడమ కిడ్నీ వాటా ఎంత, ఈసారి ఎంత? 46 ఉన్నది 34కి వచ్చిందా? అయితే డాక్టరు తొందరపడుతున్నారని అనుకోవడానికి లేదు. రెండుసార్లూ 47, 48 ఉండి, వాపు కూడా కదలకుండా ఉంటే మాత్రం "ఇంకో మూడు నెలలు చూడొచ్చాండీ?" అని అడగడంలో తప్పు లేదు. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టుకున్న తల్లి, అవి ప్లాస్టిక్ కవర్లో కుక్కి తెచ్చిన తల్లి కంటే డాక్టరు దగ్గర రెండు ప్రశ్నలు ఎక్కువ అడగగలుగుతుంది. వెతుక్కునే సమయం మిగులుతుంది కాబట్టి.

ఆపరేషన్ పేరు పైలోప్లాస్టీ. ఇరుకు ముక్కని కోసేసి, గరాటుకి గొట్టాన్ని వెడల్పుగా మళ్లీ అతికించి కుట్టడం. జేమ్స్ ఆండర్సన్, విల్ఫ్రెడ్ హైన్స్ అనే ఇద్దరు బ్రిటిష్ సర్జన్లు 1949లో వర్ణించిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నారు. పొట్ట కోసి ఓపెన్‌గా చేసినా, చిన్న కన్నాల్లోంచి కీహోల్‌లో చేసినా, రోబోతో చేసినా లోపల జరిగేది అదే కుట్టు. మారేది అక్కడికి చేరే దారి. పసిపిల్లల గొట్టం వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. కుట్టే దారం తలవెంట్రుకంత ఉంటుంది. కుట్టు వదులైతే మూత్రం కారుతుంది, బిగిస్తే మళ్లీ ఇరుకవుతుంది. ఈ పనిలో అనుభవమున్న చేతుల్లో మూడు దారుల్లోనూ వందకి తొంభై పైచిలుకు ఫలితం బాగుంటుంది. మూడింటికీ! వీడియో ఈ మాట చెప్పదు.

రెండో ప్రశ్నకి వచ్చేసరికి తెలుగువాళ్ల గొంతు కాస్త సన్నగిల్లుతుంది. చేసేది ఎవరు, ఎన్ని చేశారు? కొబ్బరికాయ కొనేటప్పుడు మూడుసార్లు చెవి దగ్గర ఊపి చూసే మనిషి డాక్టరు ముందు ఈ ఒక్క మాట అడగడానికి పది రోజులు మథనపడతాడు. ఏమనుకుంటారో, కోపమొచ్చి సరిగ్గా చూడరేమో! నిజానికి ఇది అవమానించే ప్రశ్న కాదు. సర్జన్లు తమ సమావేశాల్లో ఒకరినొకరు అడుగుకునే ప్రశ్నే. రోబోతో పిల్లల పైలోప్లాస్టీ మొదలుపెట్టిన ఒక అమెరికన్ ఆస్పత్రి బృందం తమ కేసుల్ని తామే లెక్కేసుకుని 2011లో పత్రికలో రాసుకుంది. సుమారు 37 ఆపరేషన్ల తర్వాత గానీ తమ సమయం ఓపెన్ ఆపరేషన్ సమయానికి నిలకడగా దగ్గరపడలేదని ఒప్పుకుంది. అంటే మంచి సర్జన్‌కి కూడా కొత్త పనిముట్టు చేతికి అలవాటు కావడానికి ముప్పై, నలభై మంది పిల్లలు పట్టారన్నమాట.

అడిగే తీరులో ఉంది కిటుకు. "మీకు రోబో వచ్చా?" అంటే ఎవరికైనా చురుక్కుమంటుంది. "డాక్టరుగారూ, మా బాబంత వయసు పిల్లలకి ఈ ఆపరేషన్ మీరు ఏ పద్ధతిలో ఎక్కువ చేస్తుంటారండీ? రోబోతో ఎన్ని చేసుంటారు?" అంటే సమాధానం వస్తుంది. ఇందులో అసలు పనిచేసే మాట 'మా బాబంత'. ఐదొందల ప్రొస్టేట్లు రోబోతో చేసిన చెయ్యి గొప్పదే, కానీ ఏడు కిలోల బిడ్డ పొట్ట ఆ చేతికి కొత్త ఊరు. మన దగ్గర చాలాచోట్ల యంత్రం పెద్దల ఆస్పత్రిలో ఉంటుంది. అలాంటప్పుడు పిల్లల మత్తు డాక్టరు, పిల్లల ఐసీయూ అక్కడ ఉన్నాయా అన్నది కూడా ఈ ప్రశ్నలోనే కలిసి వస్తుంది.

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న ఉంది. "మీ సొంత మనవడైతే ఏం చేసేవారండీ?" అని. అడగొచ్చు గానీ దానికి సాధారణంగా నవ్వూ, ఓదార్పూ దొరుకుతాయి, సమాచారం దొరకదు. దానికంటే పదునైనది ఇది: "ఇవాళ మీ రోబో పాడైపోయిందనుకోండి, మావాడికి ఎలా చేస్తారు?" ఓపెన్‌లో ఇలా, కీహోల్‌లో ఇలా అని తడుముకోకుండా వివరించే సర్జన్ దగ్గర, రోబోతో చేయించుకున్నా నిశ్చింతగా ఉండొచ్చు. ఎందుకంటే మధ్యలో దారి మార్చాల్సి వస్తే మార్చే చెయ్యి అక్కడ ఉంది. "రోబో వచ్చేదాకా ఆగుదాం" అనే జవాబొస్తే కాస్త ఆలోచించాలి.

ఇప్పుడు మూడో ప్రశ్న. దేనితో?

రోబో గొప్పతనం దాని మణికట్టులో ఉంది. మామూలు కీహోల్ పరికరాలు పొడవాటి కర్రల్లాంటివి. పొట్టకి చేసిన కన్నం దగ్గర అవి ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతాయి, సర్జన్ చెయ్యి కుడికి వెళ్తే లోపల కొస ఎడమకి వెళ్తుంది. ఆ తిరకాసులో తలవెంట్రుకంత దారంతో ముడి వేయడం ఏళ్ల సాధన. రోబో పరికరం కొసన చిన్న మణికట్టు ఉంటుంది. మనిషి మణికట్టులాగే, ఇంకొంచెం ఎక్కువే వంగుతుంది. కెమెరా లోతుతో సహా పదిరెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. చేతి వణుకుని యంత్రం వడకట్టేస్తుంది. సర్జన్ చెయ్యి మూడు సెంటీమీటర్లు కదిలితే లోపల ఒక్క సెంటీమీటరే కదిలేలా పెట్టుకోవచ్చు. లోతైన ఇరుకు చోట కుట్టాల్సి వచ్చే పనుల్లో ఇది నిజమైన వరం. మూత్రం వెనక్కి తన్నుతుంటే గొట్టాన్ని మూత్రాశయంలో తిరిగి అమర్చడం, పిత్తనాళం సంచిలా ఉబ్బితే దాన్ని తీసేసి పేగుని కాలేయానికి కలపడం లాంటివి. ఈ రెండోది, కోలెడోకల్ సిస్ట్, ఆసియా దేశాల్లోనే ఎక్కువ, అబ్బాయిల కంటే అమ్మాయిల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మామూలు గజ్జల్లో హెర్నియాకి, అపెండిక్స్‌కి, వృషణం కిందికి దిగకపోవడానికి రోబో దండగ. ఈగని కొట్టడానికి గొడ్డలి ఎత్తినట్టు.

లోటు కూడా ఉంది. సర్జన్‌కి స్పర్శ తెలియదు. దారం ఎంత బిగిసిందో వేళ్లు చెప్పవు, కళ్లే పట్టుకోవాలి. 2024లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన డావిన్చి-5లో లాగే, నెట్టే బలాన్ని చేతికి తెలియజేసే ఏర్పాటు వచ్చింది. అంతకుముందు వచ్చిన మోడళ్లలో అది లేదు.

అసలు తకరారు కొలతలతో. కొత్త డావిన్చి పరికరాల మందం 8 మిల్లీమీటర్లు, పెన్సిల్ కంటే కాస్త లావు. పిల్లలకి కీహోల్‌లో వాడే పరికరాలు 3 మిల్లీమీటర్లకే దొరుకుతాయి, వెలిగించని అగరుబత్తి అంత. పెద్దవాళ్ల పొట్ట మీద కన్నానికీ కన్నానికీ మధ్య బెత్తెడు ఎడం వదిలితే బయట రోబో చేతులు ఒకదానికొకటి తగలవు. ఎనిమిది నెలల బిడ్డ పొట్ట మొత్తమే జానెడు! అందుకని సర్జన్ ముందుగా టేపు పట్టి కొలుస్తారు. రెండు తుంటి ఎముకల మొనల మధ్య దూరం 13 సెంటీమీటర్ల లోపు ఉంటే, ఛాతీ ఎముక కొస నుంచి కిందికి 15 సెంటీమీటర్ల లోపు ఉంటే పరికరాలు ఢీకొనడం బాగా పెరుగుతోందని పసిపిల్లల మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. వయసు, బరువుల కంటే ఈ టేపు కొలతే ఎక్కువ చెప్పింది.

థియేటర్లో ఈ చిన్న ఒంటి కోసం పడే పాట్లు చూడాలి. బిడ్డని పరుపు ముక్కల మీద ఎత్తుగా పడుకోబెడతారు, రోబో చేతులు టేబుల్‌కి తగలకుండా. ముఖానికి అడ్డంగా స్పాంజి కవచం పెడతారు, లోహపు చెయ్యి పొరపాటున ఆనకుండా. పొట్టలోకి ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి పెద్దవాళ్లకి 12 నుంచి 15 ఉంటే వీళ్లకి 8, 10 దగ్గర ఆపుతారు, ఊపిరితిత్తుల మీద బరువు పడకుండా. పొట్ట పొర పల్చన కాబట్టి కన్నంలో దింపిన గొట్టం జారిపోకుండా చర్మానికి ఒక కుట్టు వేసి కడతారు. యంత్రాన్ని తగిలించాక మత్తు డాక్టరుకి బిడ్డ సరిగ్గా అందడు. అందుకే అత్యవసరమైతే చేతులన్నీ విప్పి యంత్రాన్ని వెనక్కి లాగడం మంచి బృందాలు ముందే అలవాటు చేసుకుంటాయి, స్కూల్లో ఫైర్ డ్రిల్ చేసినట్టు.

ఇంత జాగ్రత్తతో అనుభవమున్న కేంద్రాలు ఏడాది నిండని పిల్లలకీ రోబోతో చేస్తున్నాయి, ఫలితాలూ బాగున్నాయి. అయినా మన తెనాలి బాబు విషయంలో సర్జన్ ఓపెన్ చేద్దామన్నారనుకుందాం. నాన్న మొహం వాడిపోయింది. పాత పద్ధతా? అప్పుడు అమ్మ ఒక లెక్క వేసింది. ఓపెన్‌లో పక్కటెముకల కింద పడే కోత రెండున్నర, మూడు సెంటీమీటర్లు. రోబోకి 8 మిల్లీమీటర్ల కన్నాలు మూడు, అంటే రెండున్నర సెంటీమీటర్లకి కాస్త తక్కువ, అసిస్టెంట్ కోసం ఇంకో చిన్న కన్నం. మరి తేడా ఏముంది?

ఈ కూడిక పూర్తిగా సరైంది కాదు. ఒకే పొడవైన కోత అంచుల మీద పడే లాగుడు, అదే పొడవుని ముక్కలుగా పంచితే పడే లాగుడు కంటే ఎక్కువ. అయినా ఇంత పసి ఒంట్లో ఆ తేడా చిన్నదైపోతుంది. పిల్లాడు చిన్నవాడయ్యే కొద్దీ ఓపెన్ కోతా చిన్నదవుతుంది, రోబో పరికరం మాత్రం చిన్నది కాదు. పసివాళ్లు ఓపెన్ తర్వాత కూడా రెండో రోజుకే కాళ్లాడిస్తూ పాలకి ఏడుస్తారు.

అదే వరండాలో నిజామాబాద్ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పాపని కూడా కూచోబెడదాం. ఏడాదిగా ఆగి ఆగి ఎడమపక్క కడుపునొప్పి, వాంతులు. గ్యాస్ అన్నారు, నులిపురుగులు అన్నారు, చివరికి బడి ఎగ్గొట్టడానికి నాటకాలన్నారు. నొప్పి వచ్చిన రోజు తీసిన స్కాన్‌లో కిడ్నీ ఉబ్బి కనిపించింది. ఈ వయసులో ఒక రక్తనాళం గొట్టానికి అడ్డంగా పోతూ నొక్కడం తరచూ కనిపించే కారణం. ఈ పాపకి ఓపెన్ అంటే కండరాలు దాటుతూ పెద్ద కోత, ఎక్కువ నొప్పి, వారం పైగా బడికి సెలవు. పొట్టలో చోటుంది, చేతులు ఢీకొనవు. రక్తనాళాన్ని తప్పించి గొట్టాన్ని దాని ముందుకి తెచ్చి కుట్టాలి. ఇక్కడ రోబో తన సత్తా చూపిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. కన్నాల్ని లోదుస్తుల గీత కిందికి దించి మచ్చలు కనబడకుండా చేసే పద్ధతిని అమెరికన్ సర్జన్ పాట్రీసియో గార్గోయో 2011లో వివరించారు. మచ్చ సంగతి అమ్మమ్మ పెళ్లిచూపుల కోసం అడుగుతుంది, పాప తన కోసం అడుగుతుంది. వినాల్సింది రెండో గొంతు.

అయితే కీహోల్ చేయి తిరిగిన సర్జన్ ఉంటే రోబో లేకున్నా ఈ పాపకి కొరతేమీ లేదు. టర్కీ డాక్టర్లు పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒకరికి కీహోల్‌లో, ఒకరికి రోబోతో ఈ ఆపరేషన్ చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఫలితం ఇంచుమించు ఒకటే. రోబోలో సమయం తక్కువ పట్టింది, ఖర్చు ఎక్కువైంది. చిన్న అధ్యయనమే, కానీ పిల్లల విషయంలో ఇలా లాటరీ వేసి పోల్చినవే అరుదు. కొత్తది కాబట్టి మేలైనదే అయ్యుంటుందని నమ్మితే ఏమవుతుందో పెద్దల వైద్యం ఒకసారి చూసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కీహోల్, రోబో పద్ధతుల్లో ఆపరేషన్ అయిన మహిళల కంటే ఓపెన్ అయినవాళ్లే ఎక్కువకాలం బతికారని 2018లో తేలింది. అప్పటిదాకా చాలామంది చిన్న కన్నాల వైపే మొగ్గు చూపారు.

ఖర్చెందుకు ఎక్కువ? యంత్రం ధర కోట్లలో ఉండటం ఒక కారణం. రెండోది జనానికి తెలియదు. కొసన ఉండే ప్రతి పరికరాన్నీ ఇన్నిసార్లే వాడాలని కంపెనీ పెట్టిన లెక్క ఉంటుంది. దానిలో ఉన్న చిప్ ఆ లెక్క మోస్తుంది, నిండగానే యంత్రం ఆ పరికరాన్ని ఒప్పుకోదు. ఆ భారం బిల్లులోకే వస్తుంది. బీమా ఉన్నవాళ్లు ఇక్కడ పాలసీ కాగితం ముందేసుకోవాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోబో సర్జరీని ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చి, బీమా కంపెనీలు దాన్ని పక్కన పెట్టకూడదంది. పరిమితి పెట్టుకునే వీలు మాత్రం మిగిలింది. ఐదు లక్షల పాలసీలో రోబోకి ఇంతే అని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. పుట్టుకతో వచ్చిన లోపాల గురించి, పసిబిడ్డ ఎన్నో రోజు నుంచి పాలసీలోకి వస్తుందన్న దాని గురించి కూడా వేరే వాక్యాలుంటాయి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కార్డున్నవాళ్లు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర కూచుని, పథకం కింద ఏ పద్ధతి వస్తుంది, రోబో అయితే తేడా చేతి నుంచి పడుతుందా అని అడ్మిషన్‌కి ముందే తేల్చుకోవాలి. ప్రభుత్వ రంగంలోనూ యంత్రాలు వస్తున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో 2023లో రోబో సర్జరీ మొదలైంది. మూడు ఎకరాల్లో ఒక ఎకరం అమ్మి రోబో చేయించాలనుకునే నాన్న, అదే ఫలితం అమ్మకుండానే దొరుకుతుందేమో ఒకసారి అడగాలి. అడిగినంత మాత్రాన ప్రేమ తక్కువైనట్టు కాదు.

పద్ధతి ఏదైనా, ఆపరేషన్ నాటి పొద్దున ఇంటివాళ్ల చేతిలో ఉండే పని ఒకటుంది. ఆకలితో ఉంచడం. అన్నం, టిఫిన్, డబ్బాపాలు, ఆవుపాలు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు. మంచినీళ్లు మామూలుగా రెండు గంటల ముందు దాకా ఇస్తారు. కచ్చితమైన వేళ మత్తు డాక్టరు చెబుతారు, కాగితం మీద రాయించుకోవడం మేలు. ఏడుస్తున్న మనవణ్ని చూడలేక "గొంతు తడుపుదామని రెండు చెంచాలేగా" అంటూ నాయనమ్మ పాలు పట్టేస్తే, మత్తులో అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ఆ సంగతి దాచడం ఇంకా ప్రమాదం. చెప్పేస్తే మహా అయితే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

తొమ్మిదేళ్ల పాపకి ఆకలి కంటే పెద్ద సమస్య రోబో అన్న మాటే. టీవీలో చూసిన రోబోలన్నీ కొట్టుకుంటాయి. ముందురోజు ఎవరైనా కూచోబెట్టి, అది నడవదు, మాట్లాడదు, డాక్టరాంటీ వేళ్లకి తొడుక్కునే పొడవాటి చేతులు మాత్రమే అని చెబితే సగం భయం దిగుతుంది. "దానికి కళ్లుంటాయా?" అని పాప అడిగితే "ఒక కెమెరా ఉంటుంది, అందులోంచి చూసేది ఆంటీయే" అని నిజమే చెప్పాలి.

మన బాబుకి ఓపెన్‌లోనే అయింది. మూడో రోజు ఇంటికి పంపించారు. పంపేటప్పుడు చీటీ మీద నర్సు ఒక మాట కింద గీత గీసింది. డీజే స్టెంట్. కుట్టు ఆరేదాకా మూత్రం సాఫీగా దిగడానికి కిడ్నీకీ మూత్రాశయానికీ మధ్య వదిలిన సన్నటి గొట్టం అది. నాలుగు నుంచి ఆరు వారాల్లో తీసేయాలి. పసివాళ్లకైతే దానికి మళ్లీ కాసేపు మత్తివ్వాలి. బాబు హాయిగా ఆడుకుంటుంటే ఈ గొట్టం సంగతి మర్చిపోయే ఇళ్లున్నాయి. నెలలు గడిస్తే దాని చుట్టూ రాళ్లు పేరుకుంటాయి, తీయడమే ఇంకో పెద్ద ఆపరేషనవుతుంది. నాయనమ్మ గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. మిషను మీద ఆవిడకి నమ్మకం ఇప్పటికీ లేదు, క్యాలెండర్ మీద ఉంది.

గొట్టం తీశాక మూడు నెలలకి స్కాన్. వాపు పూర్తిగా పోలేదు, సగానికి దిగింది. నెలల తరబడి సాగిన సంచి వెంటనే ముడుచుకోదు, చాలామందిలో కొంత వాపు అలాగే మిగిలిపోతుంది కూడా. రిపోర్టు అందుకున్న నాన్న జేబులోంచి ఫోన్ తీయబోయి ఆగాడు. ఫైల్ తెరిచి పాత కాగితం పక్కన కొత్తది పెట్టి, డాక్టరుగారి వైపు తిప్పి అడిగాడు. "వాటా ఎంతుందండీ ఇప్పుడు?"